చివరగా ఆరే గీత

మా మంచం మీద వెల్లకిలా పడుకుంటే పైకప్పు మూలన ఒక గోధుమరంగు మరక కనిపిస్తుంది. ఒకే మరక కాదు, ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు. ముందు వానలకు పడ్డవి లోపల, తర్వాతి వానలకు పడ్డవి బయట. కొండల ఎత్తు చూపించడానికి పటాల్లో గీసే సన్నటి గీతలు అచ్చం ఇలాగే ఉంటాయని ఒకసారి లైబ్రరీలో భూగోళ పుస్తకం తిరగేస్తూ తెలుసుకున్నాను. ఆ రోజు నుంచి దాన్ని మరకగా చూడటం నా వల్ల కాలేదు. అదొక కొండ. మధ్యాహ్నం షాపు నుంచి అన్నానికి ఇంటికి వచ్చి పావుగంట నడుం వాల్చినప్పుడు, ఆ కొండ ఎక్కుతూ సగంలోనే నిద్రలోకి జారిపోయేదాన్ని.

ఆ కొండ వల్లే ఒక ఏడాది మేము ఇల్లు ఖాళీ చేయాల్సినంత పనైంది.

మాది నాంపల్లి స్టేషను పక్క సందులో పాత ఇల్లు. మాది అంటే, మేం కిరాయికి ఉండేది. కింద ఇంటాయన కుటుంబం, పైన రెండు గదుల్లో నేనూ మా ఆయనా. ఇంటాయన వాళ్లకు తాతల నాటి నుంచి బేగం బజార్‌లో టోకు కిరాణా దుకాణం. మా ఆయన స్టేషను ఎదురుగా ఒక లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చుంటారు. నేను అబిడ్స్‌లో ఒక టైలరు షాపులో జాకెట్లు కుడతాను. పెళ్లయి మెదక్ నుంచి నేరుగా ఈ గదుల్లోకే వచ్చాను.

ఆ ఇంటి గోడలు చాలా మందం. వీధివైపు కిటికీ ఆ మందంలో లోపలికి కూర్చున్నట్టు ఉంటుంది. ఊచలకూ గదికీ మధ్య ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చునేంత అరుగు. పెళ్లయిన కొత్తలో మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చునేదాన్ని. నాంపల్లిలో రైలు పట్టాలు ముగిసిపోతాయి. వచ్చిన బండి అక్కడ ఆగాల్సిందే, ముందుకు దారి లేదు. ఆ బండ్లు ఆగే నిట్టూర్పు వింటూ కూర్చోవడం నాకు అలవాటైంది. గురువారం దర్గా వైపు నుంచి సాంబ్రాణి, తెల్లవారితే బేకరీ నుంచి బిస్కట్ల వాసన వచ్చేవి. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని బైబిలు, పాటల పుస్తకం పట్టుకునేదాన్ని. అంతకు మించి చదవడం నాకు తెలియదు. పదో తరగతి గట్టెక్కలేదు.

ఒక ఎండాకాలం మంచినీళ్ల కోసం లైబ్రరీ మెట్లెక్కాను. నీళ్లు తాగి ఊరికే బయటికి వచ్చేస్తే బాగుండదనిపించి ఒక పుస్తకం తీసి రెండు పేజీలు చదివాను. మర్నాడు మళ్లీ దాహం వేసింది. ఇప్పటికి చదివిన పుస్తకాల పేర్లతో నావి మూడు నోటు పుస్తకాలు నిండాయి. నక్షత్రాలు, పాముకాటు, పాత నాణేలు, తేనెటీగలు, ఏది దొరికితే అది. ఆదివారం చర్చి అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చోకుండా ఇంటికి వచ్చిన రోజు లేదు. "పొయ్యేటప్పుడు సంచిల ఒక్క బైబిలే ఉంటది, వచ్చేటప్పుడు దానికి నలుగురు చుట్టాలు," అంటారు మా ఆయన. చదివిందంతా ఆ కిటికీ అరుగు మీదే. నా బడి ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ గోడనే చూపిస్తాను.

ఆ ఏటి ముందటి ఆగస్టులో, కప్పు నుంచి అరచేయంత సున్నపు పెచ్చు ఒకటి ఊడి మా ఆయన పప్పు గిన్నెలో పడింది. చప్పుడుకు ఇంటాయన పైకి వచ్చారు. ఆయన నన్ను చెల్లె అంటారు, నేను అన్నా అంటాను. పప్పు చిందిన గోడనూ పైన మరకనూ మార్చి మార్చి చూశారు.

"చెల్లే, నాకు గుబులైతుంది. ఇయ్యాల పప్పుల పడ్డది, రేపు నెత్తిల పడితే?"

"నెత్తికేం గాదన్నా, ఇయ్యాల పప్పే ఖరాబైంది," అన్నారు మా ఆయన.

"నువ్వు నవ్వులాటకు తీస్కోకు. వచ్చే వానకాలం దాక చూస్త. గప్పటికి గూడ కారితే పైదంత తీపిచ్చేస్త. మా కొడుకు రేకులేసి గోదాం చేద్దమని రెండేండ్ల సంది అంటనే ఉన్నడు. ఉప్పల్ దిక్కు మావోళ్ల ఇల్లు ఖాళీగనే ఉన్నది, చెప్పి మీకు ఇప్పిస్త."

ఆయన చెడ్డగా అనలేదు. అందుకే భయం వేసింది. కోపంతో అన్న మాట అయితే రేపటికి చల్లారుతుంది. ఇది ఆలోచించి అన్నది. ఉప్పల్ నుంచి మా షాపుకు బస్సులో రావచ్చు, చర్చికీ రావచ్చు. ఆ కిటికీ మాత్రం రాదు. గోడతో పాటే పోతుంది.

"నేను బాగు చేస్తనన్నా," అన్నాను.

"నువ్వా? పుస్తకం జూసి?"

"ఔ. పుస్తకం జూసే."

ఆయన నవ్వారు. "చెయ్, చెయ్. నేను తీపియ్యకముందే కూలగొట్టకు, గంతే."

"యూట్యూబ్ల చూడరాదు, రెండు నిమిషాల్ల అయిపోతది," అన్నారు మా ఆయన. నాకది చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్లు చదివి ఇంటి కప్పు ఒకటి బాగు చేసుకోలేకపోతే ఆ చదువెందుకు? లైబ్రరీ వెనక అలమారాలో అట్ట ఊడిపోయిన ఒక ఇళ్ల నిర్మాణం పుస్తకం దొరికింది. కప్పుల మీద రెండు అధ్యాయాలున్నాయి. ఒకటి పగుళ్లను కనిపెట్టడం, రెండోది పూడ్చడం. కనిపెట్టడం నాకెందుకు, కారే చోటు మా మంచం మీదే ఉంది కదా అనుకుని మొదటిది దాటేశాను. రెండోది పూర్తిగా నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాను. పగులును ఉలితో వెడల్పు చేయాలి. లోపలి దుమ్ము బ్రష్షుతో దులపాలి. నీళ్లతో తడిపి, సిమెంటూ ఇసుకా కలిపి నొక్కి నింపాలి.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొలతలు మొదలుపెట్టాం. మంచం మీద స్టూలు వేసి, నేను దాని మీద నిలబడ్డాను. షాపులో నా మెడలో వేలాడే టేపే పట్టుకున్నాను. వీధి గోడ నుంచి మరక మధ్యకు ఎంత, పక్క గోడ నుంచి ఎంత, రెండూ చూడాలి. మా ఆయన కింద స్టూలు పట్టుకుని టేపు కొసను గోడకు ఆనించారు.

"ఎంతొచ్చింది నడుం?" అన్నారు.

"నలభై ఒకటి."

"జర లావే ఉన్నది."

"ఇటు దిక్కు అరవై మూడు."

"అయ్యో పాపం. గుడ్డ సాలది."

నవ్వితే స్టూలు ఊగింది. "మీరు జర సక్కగ పట్టుకోండ్రి," అని కసిరి, రెండు అంకెలూ చేతి మీద రాసుకుని మిద్దె మీదికి పరుగెత్తాను. మా కప్పు ఇప్పటి కాంక్రీటు స్లాబు కాదు. ఇనుప కమ్ముల మీద రాతిబండలు పరిచి, వాటి మీద సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపిన ముద్దను కొట్టి కొట్టి చదును చేశారు. దాన్ని గచ్చు అంటారు. చుట్టూ మోకాలెత్తు పిట్టగోడ. వీధివైపు పిట్టగోడ నుంచి నలభై ఒక్క అంగుళాలు, పక్క పిట్టగోడ నుంచి అరవై మూడు కొలిచి, రెండూ కలిసే చోట షాపు సుద్దతో గుర్తు పెట్టాను. గుర్తు కిందే దారమంత సన్నటి పగులు. పుస్తకం చెప్పింది, టేపు చెప్పింది, పగులు అక్కడే ఉంది. పాతకాలపు గచ్చు మీద ఎక్కడ వేలు పెట్టినా ఒక సన్నటి గీత ఉంటుందని అప్పుడు నాకు తెలియదు.

ఉలితో చెక్కాను, దులిపాను, తడిపాను, సిమెంటు నింపాను. తాపీ వాడటం రాక, చపాతీ పీటంత ముద్ద తయారైంది. చూడటానికి అందంగా లేదు గానీ గట్టిగా ఉంది. వారం రోజులు దాని మీద తడిగుడ్డ కప్పి ఉంచాను. ఆ వారమంతా షాపులో నా కుట్టు కూడా తిన్నగా పడింది.

మే నెల మొదట్లో ఒక సాయంత్రం నాలుగింటికి ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది. దుమ్ము లేచి స్టేషను కప్పును మింగేసింది. ఆ వెనకే పెద్ద పెద్ద చినుకులు, వడగళ్లు. ఆ రోజు నాకు షాపు లేదు, మా ఆయనకూ డ్యూటీ లేదు. నేను కిటికీ అరుగు మీద పుస్తకం మూసి మరక వైపు చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాల దాకా ఏమీ లేదు. నా గుండె నిండిపోయింది. అప్పుడు కొండ శిఖరం నుంచి ఒక చుక్క బయలుదేరి, కాసేపు వేలాడి, మంచం మధ్యలో పడింది. తర్వాత ఇంకొకటి. ఇద్దరం మంచం లాగాం, బకెట్ పెట్టాం, అది నిండితే గంగాళం పెట్టాం.

"చెల్లే, కార్తుందా?" కింద నుంచి ఇంటాయన కేక.

"లేదన్నా!" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన బకెట్ పట్టుకుని నా వైపు చూశారు. కాసేపయ్యాక, "ఆదివారం ఏ మొకం పెట్టుకొని పోతవ్ చర్చికి?" అని మెల్లగా అడిగారు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి, "అన్నా, నిన్న కారింది. అబద్ధం చెప్పిన," అన్నాను.

ఆయన పళ్లు తోముకుంటున్నారు. పుక్కిలించి ఉమ్మి, తుండుతో మూతి తుడుచుకున్నారు. "నాకెరుకనే. మీ బకెట్ల చప్పుడు మా పూజ అర్రల దాక ఇనొచ్చింది. గంట గొట్టుడు మీరే జేసిన్రు, మా అవ్వకు ఆ కష్టం తప్పింది."

సిగ్గుతో తల దించుకున్నాను.

"వానకాలం అన్న గదా, జూన్ దాక ఆగుత. అటెన్క నన్నడగకు," అన్నారు.

ఆ వారం షాపులో నా చేతులు పని చేశాయి గానీ మనసు మిద్దె మీదే ఉంది. అదే చోట ఎందుకు కారింది? నింపిన పగులు ఎంత గట్టిగా ఉందో పొద్దుటే చూసి వచ్చాను. నీళ్లకు ఇంకో దారి ఏది? ఎవరో పెళ్లివారి పట్టుగుడ్డ పరిచి, దాని మీద వాళ్లిచ్చిన ఆది జాకెట్టు పెట్టి సుద్దతో అంచు గీస్తున్నాను. అంచు గీశాక, దానికి బయటగా రెండో గీత గీయాలి. లోపలి గీత ఒంటికి ఆనే కొలత. బయటి గీత కుట్టులోకి పోయే గుడ్డ. ఆ గుడ్డ తొడుక్కున్న మనిషికి కనిపించదు. వదలకపోతే మాత్రం జాకెట్టు పట్టదు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి గుడ్డకూ ఆలోచించకుండా గీసే గీత అది.

ఆ రెండో గీత సగంలో నా సుద్ద ఆగిపోయింది.

గదిలో నేను గోడ లోపలి ముఖం నుంచి కొలిచాను. పైన పిట్టగోడ నుంచి కొలిచాను. కింది గోడ మందం రెండడుగులు. పైన పిట్టగోడ మందం జానెడు, అది కూడా గోడకు వెలుపలి అంచున నిలబడి ఉంది. మిగిలిన గోడ మందమంతా మిద్దె మీద గచ్చు కింద దాగి ఉంది. అది గదిలో కనిపించదు, మిద్దె మీదా కనిపించదు. కుట్టులోకి పోయిన గుడ్డ లాంటిది. నేను దాన్ని వదలలేదు.

పట్టుగుడ్డను అలాగే మడిచి పెట్టి, మధ్యాహ్నం అన్నం వేళకు ముందే ఇంటికి పరుగు తీశాను. అబిడ్స్ నుంచి మా సందు దాకా ఎండలో ఎలా వచ్చానో గుర్తులేదు. నేరుగా కిటికీ అరుగు దగ్గరికి వెళ్లి టేపు పరిచాను. లోపలి అంచు నుంచి వెలుపలి అంచుకు ఇరవై నాలుగు అంగుళాలు. మిద్దె ఎక్కి పిట్టగోడ కొలిచాను. తొమ్మిది. తేడా పదిహేను. రెండు వైపులా పదిహేను అంగుళాలు తప్పి, సంబంధం లేని చోట చపాతీ పీట అతికించాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏళ్ల తరబడి రోజూ ఆ గోడ మందంలోనే కూర్చుని చదివాను. చదివిన మనిషికి, తాను కూర్చున్న చోటు లెక్కలోకి రాలేదు.

ఈసారి తొందరపడలేదు. మళ్లీ లైబ్రరీకి వెళ్లి నేను దాటేసిన అధ్యాయం తీశాను. అందులో ఉపాయం చాలా చిన్నది. మిద్దెను శుభ్రంగా ఊడ్చి, అంతా తడిసేలా నీళ్లు పోసి, ఎండకు వదిలేయమంది. గచ్చు పైపైన ఆరిపోతుంది, పగులు లోపలికి తాగిన నీటిని చివరిదాకా పట్టుకుని ఉంటుంది. చివరగా ఏ గీత ఆరుతుందో అదే మనం వెతికేది. ఆ పేజీ చదివి చాలాసేపు పుస్తకం మూయలేదు. ఇంత అందమైన సంగతిని నేను అక్కర్లేదని దాటేశాను.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి ఆ రోజొక్కటీ ఫుట్‌పాత్ వైపు తిరగకుండా వచ్చేశాం. నీటి గొట్టం నోట్లో పాత చీర కుక్కాం. మా ఆయన బకెట్లు అందిస్తుంటే నేను పోశాను. ఇరవై బకెట్లు దాటాక లెక్క వదిలేశాం. మిద్దె అంతటా పలచటి నీటి పొర నిలిచింది. గాలి లేదు. ఒక్కసారిగా మా మిద్దె మాయమైపోయి దాని బదులు ఆకాశం వచ్చింది. కాళ్ల కింద తెల్లటి మబ్బు. దూరంగా మెట్రో రైలు పోతుంటే, దాని పెట్టెలు మా నీళ్లలో తలకిందులుగా, చప్పుడు లేకుండా జారిపోయాయి. ఒక పావురం దిగి, తన నీడను తానే ముక్కుతో తాకి నీళ్లు తాగింది. నేను చీర కుచ్చెళ్లు దోపుకుని ఆ ఆకాశం మధ్యలో నిలబడ్డాను. ఎవరైనా పై నుంచి చూస్తే, నాంపల్లిలో ఒక ఆడమనిషి మబ్బుల మీద నిలబడి చెమట తుడుచుకుంటోందనుకుంటారు.

కాసేపయ్యాక చీర గుడ్డ తీసేశాం. నీళ్లు గొట్టంలోకి గలగలా దిగిపోయాయి. తడి గచ్చు మిగిలింది. నేను మెట్ల గది నీడలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. పుస్తకం ఒళ్లో ఉంది గానీ తెరవలేదు. చూస్తూ ఉండటమే పని. ముందు పిట్టగోడల పక్కన తెల్లబడింది. తర్వాత మధ్య మధ్య మచ్చలు మచ్చలుగా. తడి వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది. కునుకు పట్టినట్టుంది. కళ్లు తెరిచేసరికి మిద్దె మొత్తం తెల్లటి కాగితమైపోయి ఉంది. ఆ కాగితం మీద, సన్నటి నల్లటి గీత ఒకటి.

నిజానికి గీతలు చాలానే వచ్చాయి. దారాల్లాంటివి ఒక్కొక్కటే నా కళ్ల ముందే మాసిపోయాయి. ఈ ఒక్కటి పోలేదు. రెండు వైపులా పదిహేను అంగుళాలు కలిపి నేను పెట్టుకున్న కొత్త గుర్తు పక్క నుంచి మొదలై, అక్కడక్కడా పాయలు విడుతూ, వంకరలు పోతూ నీటి గొట్టం దాకా సాగింది. అంత పొడుగు కాగితం మీద ఎవరో ఒకే ఒక్క వాక్యం రాసి వెళ్లినట్టుంది. దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆరిపోకముందే సుద్దతో వెంట వెంట గీసుకుంటూ పోయాను.

"ఏంది చెల్లే, మిద్దె మీద ముగ్గేస్తున్నవ్?" ఇంటాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

చూపించాను. ముందు నా తప్పు చెప్పాను, గోడ మందం సంగతి, పదిహేను అంగుళాలు. తర్వాత ఆ నల్లగీత. ఆయన వంగి, గీత మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకున్నారు. తడి. నడి ఎండలో.

"పుస్తకంల ఉన్నదా ఇది?"

"ఉన్నదన్నా. నేనే చదవలే ముందుగాల."

ఆయన వేలు తుడుచుకుని లేచి నిలబడ్డారు. "సిమెంట్ ముట్టకు. మా తాత కట్టిచ్చిన గచ్చు. గచ్చు పనోడు ఒక ముసలాయన ఉన్నడు, బతికున్నడో లేడో కనుక్కుంట," అన్నారు.

బతికే ఉన్నారు. వంగిపోయిన నడుము, గోరింటాకుతో ఎరుపెక్కిన గడ్డం. మేస్త్రీ సాబ్ మిద్దె మీదికి వచ్చి ముందుగా నా సిమెంటు ముద్ద దగ్గర ఆగారు. ఉలి మొన అంచు కింద పెట్టి ఒక్క దెబ్బ వేశారు. పీట పీటగానే ఊడి వచ్చింది.

"ఎవరు బేటీ, గీ డబల్ రొట్టె పెట్టింది?"

"నేనే చాచా."

"మంచిగనే కాల్చినవ్," అన్నారు. అందరం నవ్వాం, నేనే ఎక్కువ నవ్వాను. "సిమెంటుకు సున్నానికి పడది బేటీ. ఎండకు ఇది సాగుతది, అది సాగది. పక్కపొంటి మళ్ల పగుల్తది. గచ్చుకు గచ్చే పెట్టాలె. జర కరక్కాయలు, బెల్లం తెప్పియ్యి."

కరక్కాయలు ఇంటాయన దుకాణం నుంచే వచ్చాయి. వాటిని దంచి, బెల్లం కలిపి కుండలో నానబెట్టారు. ఆ నీళ్లు నాలుగో రోజుకు పుల్లటి, వగరు వాసన వేశాయి. సున్నం, ఇసుక, ఇటుకపొడి ఆ నీళ్లతో కలిపి, పగులు పొడుగునా తెరిచి, పొరలు పొరలుగా కూరి, సన్నటి చెక్క బద్దతో కొట్టారు. గట్టిగా కాదు. నిద్రపోయే బిడ్డ వీపు మీద తట్టినట్టు, ఆగకుండా, రెండు రోజులు. సిమెంటు గంటల్లో గట్టిపడుతుంది, సున్నం గాలి తాగుతూ నెమ్మదిగా గట్టిపడుతుందని నేను పుస్తకంలో చదివిన మాట చెప్పాను. ఆయన తల ఊపి, "పుస్తకం సక్కగనే చెప్పింది," అంటూ కొడుతూనే ఉన్నారు. ఆ మెప్పు నాకు నోటు పుస్తకాలన్నింటి కంటే పెద్దది.

తర్వాత మూడు వారాలు గోనె సంచులు పరిచి తడపాలి. అది నా వంతు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం గొడుగు కింద కూర్చుని కాసేపు చదివి, సంచులు ఆరినట్టనిపిస్తే లేచి చిలకరించేదాన్ని. తడి గోనె వాసన, సున్నం వాసన, కింద ఎవరి ఇంట్లోనో తిరగమాత. నేను చదువుతున్నది సముద్రాల గురించి. పేజీలో అలలు, చేతి పక్కన చెంబు. నిద్రకూ చదువుకూ మధ్య అలాంటి రోజులు మళ్లీ నాకు రాలేదు.

జూన్ రెండో వారంలో అసలు వాన వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బు పట్టగానే షాపులో చెప్పి బయలుదేరితే, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరే నా మీద మొదటి చినుకులు పడ్డాయి. పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి మా ఆయన లాడ్జి నుంచి ముందే వచ్చి ఉన్నారు. మంచం పక్కకు జరిపి, నేల మీద బకెట్ పెట్టి ఉంచారు. నేను ఆ బకెట్ తీసి బయట పెట్టాను. ఎందుకో అది అక్కడ ఉంటే చూడలేకపోయాను.

ఇంటాయన పైకి వచ్చారు. గొడుగు మూసి, మూలన గిన్నెల స్టాండుకు తగిలించి, కుర్చీలో కూర్చుని మరక వైపు తలెత్తారు. ముగ్గురం తలలెత్తి కూర్చున్నాం. చాయ్ పెట్టాను. ఎవరూ తాగలేదు. వాన గంట పైగా కొట్టింది. కిటికీలో స్టేషను కనిపించలేదు, ఎదురింటి మిద్దె కూడా కనిపించలేదు. గది ఒక్కటే ఎక్కడో నీళ్ల మధ్య తేలుతున్నట్టుంది. నా చెవుల్లో వాన చప్పుడు ఆగిపోయి, గదిలోని నిశ్శబ్దం ఒక్కటే వినిపించింది.

టప్.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. నా ప్రాణం ఆ చప్పుడు వెంటే కిందికి పోయింది. మరక మీద ఏమీ లేదు. నేల మీద వెతికాను. టప్, మళ్లీ.

"నీ గొడుగన్నా!" అన్నారు మా ఆయన.

మూలన తగిలించిన గొడుగు కొస నుంచి నీళ్లు కింది స్టీలు పళ్లెం మీద పడుతున్నాయి. ఇంటాయన కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, లేచి, మరక కిందికి వచ్చి నిలబడి చాలాసేపు చూశారు. వాన సన్నబడింది.

"ఈ ఏడాదికి ఉండుండ్రి," అన్నారు.

అప్పటి నుంచి అది మా ఆనవాయితీ అయింది. ఏటా మే నెలలో మిద్దెను ఊడ్చి, నీళ్లు పోసి, ఆరుతుంటే చూస్తాం. చివరగా ఆరే గీత ఏదో పట్టుకుని, వానకు ముందే గచ్చు పెట్టిస్తాం. జూన్‌లో మొదటి వానకు ఇంటాయన వచ్చి కూర్చుంటారు. గొడుగు గుమ్మం బయటే పెట్టి వస్తారు. చాయ్ తాగి "ఈ ఏడాదికి ఉండుండ్రి" అంటారు. ఎప్పటికీ ఉండమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. సిమెంటు ముద్ద ఇప్పుడు నా పుస్తకాల వరుస కూలకుండా ఒక పక్క ఆపి నిలబడుతుంది. గదికి వెల్ల వేయించినప్పుడు ఆ మరక ఒక్కటీ వదిలేయమన్నాను. కొత్త వలయం పడితే తెలియాలి కదా.

ఈ మే నెలలో ఇంటాయన మిద్దె దాకా ఎక్కలేకపోయారు. మోకాళ్లు. చివరి మెట్ల మలుపులో కుర్చీ వేయించుకుని కూర్చుని, పైకి కేకేస్తూ అడుగుతున్నారు.

"ఎంతదాక ఆరింది, చెల్లే?"

"సగం అయ్యిందన్నా. ఇంకా మబ్బులున్నయి మిద్దె మీద."

"పాత గీత కనవడ్తుందా?"

"లేదు. అది ఎప్పుడో తెల్లగైంది."

"మంచిగ చూడు. తొందరవడకు."

పుస్తకం పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. తడి వెనక్కి జరిగింది, మచ్చలైంది, మచ్చలు చుక్కలయ్యాయి. తూర్పు పిట్టగోడ దగ్గర జానెడు పొడుగు గీత ఒకటి మిగిలి, నల్లగా మెరుస్తోంది. సుద్ద తీసుకుని లేచాను.

"ఉన్నదన్నా," అని కేకేశాను. "జానెడే. మేస్త్రీ సాబ్‌కు ఫోన్ జేస్తరా?"

"చేస్త. కొలత రాస్కో. గోడ మందం మర్శిపోకు!"

టేపు నా మెడలోనే ఉంది.